డ్యూక్ ఎలింగ్టన్ – యాభై ఏళ్ల బ్యాండు సర్వీసు

ప్రత్యేక సంచికలో సంగీత విద్వాంసుని జీవితం అనగానే సభ్యులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారినో, ఘంటసాల గారినో ఊహించుకోవడం సహజం. ఈసారి మాత్రం ఒక అమెరికా దేశస్థుని ఎంచుకున్నాం. ఆయన పేరు డ్యూక్ ఎలింగ్టన్. జాజ్ అనే సంగీత పద్ధతిలో ఆయనకున్న స్థానం చాలా పెద్దది. ఆయన కాలం చేసి యాభై ఏళ్లు దాటింది.

ఈ ఎంపికకు కారణాలు మూడు. ఒకటి, 1963లో ఆయన బ్యాండు మన దేశంలో పర్యటించినప్పుడు హైదరాబాదుకు కూడా వచ్చింది. రెండవది, మన సభ్యులలో అనేకులు ఇప్పుడు పిల్లల ఉద్యోగాల రీత్యా మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు అపార్టుమెంట్లలో ఉంటున్నారు. సాయంత్రం అమెరికా వాళ్లతో మీటింగు ముగించుకుని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునే మనవడు వినే పాటలలో ఈయన పాట కూడా ఉండవచ్చు. మూడవ కారణమే ముఖ్యమైనది. ఒక మనిషి చేసిన పనికి దక్కవలసిన గుర్తింపు ఉద్యోగకాలంలో దక్కకపోయినా, రికార్డు సరిగ్గా ఉంటే తర్వాతైనా దక్కుతుందనడానికి ఎలింగ్టన్ జీవితం, ఆయన బ్యాండు వారి జీవితాలు మంచి ఉదాహరణ. పే రివిజను బకాయిల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

జాజ్ గురించి రెండు మాటలు

జాజ్ సంగీతం ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో అమెరికా దక్షిణాన న్యూ ఆర్లీన్స్ నగరంలో, నల్లజాతి ప్రజల మధ్య రూపుదిద్దుకున్నది. వాయిద్యాలు మన పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో కనిపించేవే: ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్, శాక్సఫోన్, డ్రమ్ములు. వాయించే తీరు మాత్రం ఒక విషయంలో మన కచేరీకి దగ్గర. పాట అందరికీ ఒకటే. దానిని ఆధారం చేసుకుని ఒక్కొక్క విద్వాంసుడు తన మనోధర్మం కొద్దీ అప్పటికప్పుడు విస్తరిస్తాడు.

తొలినాటి న్యూ ఆర్లీన్స్ బాణీకి డిక్సీలాండ్ అనే పేరు స్థిరపడింది. అందులో మూడు నాలుగు ఊదు వాయిద్యాలు ఏకకాలంలో ఒకదానిని ఒకటి అల్లుకుంటూ సాగుతాయి. 1930లలో డ్యాన్సు హాళ్ల కోసం పదిహేను మంది దాకా ఉండే పెద్ద బ్యాండ్లు వచ్చాయి. దానిని స్వింగ్ అన్నారు. 1940లలో చిన్న బృందాలతో, మెరుపు వేగంతో, కూర్చుని వినడానికే ఉద్దేశించిన బీబాప్ వచ్చింది. 1950లలో దానికి చర్చి పాటల, బ్లూస్ పాటల పట్టు తోడై హార్డ్ బాప్ అయింది. ఒక్కొక్క బాణీ వచ్చినప్పుడు వెనుకటి తరం విద్వాంసులు చాలామంది వెనుకబడిపోయారు. ఎలింగ్టన్ మాత్రం ఈ నాలుగు కాలాలనూ దాటుకుని వచ్చారు.

బాల్యం, తొలి ఉద్యోగాలు

ఎడ్వర్డ్ కెన్నెడీ ఎలింగ్టన్ 1899 ఏప్రిల్ 29న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జన్మించారు. తండ్రి జేమ్స్ ఎడ్వర్డ్ ఒక డాక్టరు గారింట బట్లరుగా పనిచేసేవారు. అప్పుడప్పుడు వైట్‌హౌస్ విందులలో పనికి కూడా వెళ్లేవారు. తల్లి డెయిజీ. ఇద్దరికీ పియానో వచ్చు. ఇంట్లో డబ్బు పెద్దగా లేకపోయినా మర్యాదకు, శుభ్రమైన దుస్తులకు లోటు ఉండేది కాదు. ఆ నడవడిక చూసి ఒక స్నేహితుడు పెట్టిన పేరే డ్యూక్. మన వాడుకలో చెప్పాలంటే దొరబాబు. ఆ పేరే జీవితాంతం నిలిచిపోయింది.

ఏడెనిమిదేళ్ల వయసులో పియానో పాఠాలు మొదలుపెట్టినా కుర్రవాడి ధ్యాస బేస్‌బాల్ మీదే ఉండేది. ఆట మైదానంలో వేరుశెనగకాయలు అమ్మి మరీ ఆటలు చూసేవారు. పదిహేనేళ్ల వయసులో ఒక సోడా దుకాణంలో పనిచేస్తూ తొలి రచన చేశారు. చిత్రలేఖనంలో కూడా ప్రతిభ ఉండటంతో న్యూయార్క్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో స్కాలర్‌షిప్ వచ్చింది. దానిని వదులుకుని సంగీతాన్నే ఎంచుకున్నారు. బతుకుతెరువు కోసం బోర్డులు రాసే పని పెట్టుకున్నారు. విందుకు బోర్డు రాయించుకోవడానికి వచ్చినవారిని సంగీతం ఏర్పాటు అయిందా అని అడిగి, లేదంటే ఆ పని కూడా తానే ఒప్పుకునేవారు.

మొదటి ప్రపంచయుద్ధం రోజులలో ఆయన నౌకాశాఖలోనూ, విదేశాంగ శాఖలోనూ మెసెంజరుగా పనిచేశారు. మన ఆఫీసుల భాషలో అటెండరు కొలువు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. నలభై అయిదేళ్ల తర్వాత అదే విదేశాంగ శాఖ ఆయనను తన ప్రతినిధిగా మన దేశానికి పంపింది. 1918లో ఎడ్నా థాంప్సన్‌తో వివాహమైంది. మరుసటి ఏడు కుమారుడు మెర్సర్ పుట్టాడు.

న్యూయార్క్ – కాటన్ క్లబ్

1923లో మిత్రబృందంతో న్యూయార్క్ చేరారు. నాలుగేళ్లు చిన్న క్లబ్బులో వాయించిన తర్వాత 1927 డిసెంబరులో హార్లెం ప్రాంతంలోని కాటన్ క్లబ్‌లో అవకాశం వచ్చింది. ఆ క్లబ్బు తీరు చెప్పుకోవలసినదే. వేదిక మీద వాయించేవారు, ఆడేవారు నల్లజాతి వారు. బల్లల దగ్గర కూర్చుని చూసేవారు తెల్లవారు మాత్రమే. కళాకారుల సొంత బంధువులకు కూడా అందులో చోటు దొరకని రోజులవి. అయితే అక్కడి కచేరీలు రేడియోలో ప్రసారమయ్యేవి. క్లబ్బు గుమ్మం దాటలేని లక్షలమంది ఇళ్లలో కూర్చుని విన్నారు. ఎలింగ్టన్ పేరు దేశమంతా తెలిసింది రేడియో వల్లనే.

అప్పట్లో ఆయన మేనేజరు ఇర్వింగ్ మిల్స్. నల్లజాతి బ్యాండుకు తలుపులు తెరిపించిన సమర్థుడు. అదే సమయంలో ఎలింగ్టన్ పాటలకు సహరచయితగా తన పేరు కూడా చేర్చుకుని రాయల్టీలో వాటా తీసుకున్నవాడు. 1939లో ఈ సంబంధం ముగిసింది.

బ్యాండులో వాయించేవారి ఎంపికలో ఎలింగ్టన్‌ది ప్రత్యేక దృష్టి. ఫలానా శాక్సఫోనుకు అని కాక, ఫలానా మనిషికి అని స్వరం రాసేవారు. ఆ మనిషి గొంతు, ఊపిరి, అలవాట్లు అన్నీ ఆయనకు లెక్కే. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన బార్నీ బిగార్డ్ క్లారినెట్‌లో పాత డిక్సీలాండ్ వాసన ఉండేది. జానీ హాడ్జెస్ ఆల్టో శాక్సఫోన్ తేనెలా జారేది. ప్యూర్టో రికో నుంచి వచ్చిన హువాన్ టిజాల్ ట్రాంబోన్ వాయించేవాడు. ప్రపంచమంతా తిరిగిన కారవాన్ అనే పాట స్వరం మొదట ఆయనదే. హ్యారీ కార్నీ 1927లో పదిహేడేళ్ల వయసులో చేరి బారిటోన్ శాక్సఫోన్ పట్టుకున్నాడు.

మూడు నిమిషాల హద్దు

78 స్పీడు గ్రామఫోను రికార్డులు మన సభ్యులకు తెలిసినవే. ఒక వైపున మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. మన విద్వాంసులు రాగాలాపన కుదించి, ఒక చరణం వదిలి ఆ హద్దులో ఇరుక్కున్నట్లే ఎలింగ్టన్ కూడా ఇరుక్కున్నారు. ఆయన ఆ హద్దునే సాధనగా మార్చుకున్నారు. 1930 నాటి మూడ్ ఇండిగో, 1940 ప్రాంతంలో చేసిన రికార్డులు చూస్తే, మూడు నిమిషాలలో ఒక్క క్షణం వృథా కాని పొందిక కనిపిస్తుంది.

అయినా ఆయన మనసు పెద్ద రచనల మీద ఉండేది. 1935లో తల్లి మరణించినప్పుడు ఆ దుఃఖంలో రాసిన రచన పదమూడు నిమిషాలు సాగి, రికార్డులకు నాలుగు వైపులు ఆక్రమించింది. 1943 జనవరి 23న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో సుమారు ముప్పావు గంట సాగే బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్ అనే కృతిని సమర్పించారు. అమెరికాలో నల్లజాతి ప్రజల చరిత్రను సంగీతంగా చెప్పిన రచన అది. విమర్శకులు మెచ్చుకోలేదు. శాస్త్రీయ సంగీతం వారికి అది జాజ్‌లా, జాజ్ వారికి అది శాస్త్రీయంలా వినిపించింది. ఆ తర్వాత ఆయన దానిని పూర్తి రూపంలో వాయించడం దాదాపు మానేశారు. ఆ రాత్రి కచేరీ డిస్కుల మీద ముద్రితమై ఉన్నా బయటికి రాలేదు.

స్ట్రేహార్న్ అనే సహచరుడు

1938 చివర పిట్స్‌బర్గ్‌లో ఒక మందుల షాపులో పనిచేసిన యువకుడు ఎలింగ్టన్‌ను కలిసి పియానో వాయించి వినిపించాడు. అతడే బిల్లీ స్ట్రేహార్న్. మరుసటి ఏడాది బృందంలో చేరి ఇరవై ఎనిమిదేళ్లు రచనలో కుడిభుజమై నిలిచాడు. 1941లో పాటల రచయితల సంఘానికి, రేడియో కంపెనీలకు వివాదం వచ్చి ఎలింగ్టన్ పాటలు రేడియోలో వినిపించడానికి వీలులేకపోయింది. స్ట్రేహార్న్ ఆ సంఘంలో సభ్యుడు కాడు. కాబట్టి అతనూ, మెర్సరూ కలిసి హడావుడిగా కొత్త పాటలు తయారుచేశారు. స్ట్రేహార్న్ రాసిన టేక్ ది ఏ ట్రైన్ అప్పటి నుంచి బ్యాండు ముఖగీతమైంది. దానిని ఎలింగ్టన్ రచన అనుకునేవారు నేటికీ ఉన్నారు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. బృందంలోని వారు వాయిస్తూ వాయిస్తూ కనిపెట్టిన పలుకులను ఎలింగ్టన్ పాటలుగా మలచుకునేవారు. పేరు, రాయల్టీ అన్నిసార్లూ వారికి దక్కేవి కావు. అలాంటి పాట వచ్చినప్పుడు హాడ్జెస్ వేదిక మీదనే, నోట్లు లెక్కపెడుతున్నట్లు వేళ్లు ఆడించి యజమానికి గుర్తుచేసేవాడట. స్ట్రేహార్న్ పేరు కూడా అనేక రికార్డుల మీద రావలసినంతగా రాలేదు. ఎలింగ్టన్ దొడ్డమనిషే. అయినా పెద్ద బ్యానరు కింద చిన్న పేర్లు కనబడకపోవడం అక్కడా జరిగింది.

జీతాల లెక్క

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద బ్యాండ్ల కాలం ముగిసింది. డ్యాన్సు హాళ్లు మూతపడ్డాయి. ప్రయాణ ఖర్చులు పెరిగాయి. పేరున్న నాయకులెందరో బృందాలను రద్దు చేసుకున్నారు. 1951లో హాడ్జెస్‌తో పాటు మరి ఇద్దరు పాత కాపులు ఒకేసారి వెళ్లిపోయారు. ఎలింగ్టన్ మాత్రం బ్యాండును ఆపలేదు. కచేరీల రాబడి చాలని రోజులలో పాత పాటల మీద వచ్చే రాయల్టీని తెచ్చి జీతాలలో పోశారు. తాను రాసిన స్వరం ఆ సాయంత్రమే మనుషుల ఊపిరిలో వినిపించాలి. దానికోసం ఎంత ఖర్చయినా ఫరవాలేదన్నది ఆయన ధోరణి.

1951లో విడుదలైన మాస్టర్‌పీసెస్ బై ఎలింగ్టన్ అనే రికార్డు చెప్పుకోదగ్గది. అప్పటికి ఎల్పీ రికార్డు వచ్చి మూడేళ్లు. మూడు నిమిషాల మూడ్ ఇండిగో అందులో పదిహేను నిమిషాలు విస్తరించింది. ఇరవై ఏళ్లుగా పట్టి ఉంచిన ఊపిరి వదిలినట్లుంటుంది. అయితే అమ్మకాలు అంతంతమాత్రం. 1955 వేసవిలో న్యూయార్క్‌లో నీటి ఆటల ప్రదర్శనకు వంత వాయించే స్థితి వచ్చింది. ఆ ఏడాదే హాడ్జెస్ తిరిగి వచ్చాడు.

న్యూపోర్ట్ రాత్రి

1956 జూలై 7న రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఎలింగ్టన్ బ్యాండు వంతు అర్ధరాత్రి దగ్గర పడ్డాక వచ్చింది. జనం లేచి వెళ్లిపోతున్నారు. ఆయన 1937 నాటి పాత రచన ఒకటి తీయించి, రెండు భాగాల మధ్య టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు పాల్ గాన్సాల్వెస్‌ను ఇష్టమున్నంత సేపు వాయించమన్నారు. పన్నెండు కొలతల బ్లూస్ చుట్టును గాన్సాల్వెస్ ఆపకుండా 27 సార్లు తిప్పాడు. ఒక మహిళ లేచి నాట్యం మొదలుపెట్టింది. వెళ్లేవారు వెనక్కి తిరిగారు. కుర్చీలు ఎక్కి కేకలు పెట్టారు. గొడవ అవుతుందేమోనని నిర్వాహకులు ఆపమని సైగలు చేసినా ఎలింగ్టన్ ఆపలేదు.

ఆగస్టులో టైమ్ పత్రిక ఆయన ముఖచిత్రం వేసింది. ఆ కచేరీ పేరుతో కొలంబియా కంపెనీ విడుదల చేసిన ఎల్పీ ఆయన రికార్డులన్నిటిలోకి ఎక్కువగా అమ్ముడయింది. యాభై ఏడేళ్ల వయసులో ఉద్యోగం కొత్తగా మొదలైనట్లయింది. ఆ రికార్డు వెనుక ఉన్న అసలు సంగతి మాత్రం నలభై ఏళ్లకు పైగా అతి కొద్దిమందికే తెలుసు. దానిని కాసేపటిలో చెప్పుకుందాం.

ఆ ఉత్సాహంతో షేక్‌స్పియర్ పాత్రల మీద ఒక కృతి, సినిమా సంగీతం, ఎలిజబెత్ రాణి కోసం ఒక కృతి రాశారు. 1961లో న్యూ ఆర్లీన్స్ బాణీ పెద్దదిక్కు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి ఎలింగ్టన్ పాటల రికార్డు చేశారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో రెండు వారాలలోపే రెండు రికార్డులు. ఒకదానిలో బాస్ మీద చార్లెస్ మింగస్, హార్డ్ బాప్ డ్రమ్ములకు పేరెన్నికగన్న మాక్స్ రోచ్. రెండవదానిలో జాన్ కోల్ట్రేన్. అరవై మూడేళ్ల పెద్దాయన తన కుమారుని ఈడు వారితో సమానంగా కూర్చుని వాయించారు. ఏ బాణీ వారితోనూ పేచీ పెట్టుకోలేదు. ఏ బాణీనీ అనుకరించనూ లేదు.

మన దేశంలో

1963 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ఎలింగ్టన్ బ్యాండును పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాలకు పంపింది. అమెరికాలో నల్లజాతి వారి హక్కుల పోరాటం ఉధృతంగా ఉన్న రోజులవి. తమ దేశానికి మంచిపేరు కోసం ఆ ప్రభుత్వం ఒక నల్లజాతి విద్వాంసుని పంపడంలో ఉన్న వైరుధ్యం ఆయనకు తెలియనిది కాదు. డమాస్కస్, అమ్మాన్, కాబూల్ మీదుగా బృందం మన దేశం చేరింది. ఢిల్లీలో ఎలింగ్టన్ జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. ఢిల్లీ, హైదరాబాదు, బెంగళూరు, మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలు ఆ పర్యటనలో ఉన్నాయి. అప్పటికి మాదాపూర్ ఊరికి దూరంగా రాళ్లగుట్టల మధ్య ఉన్న పల్లె. సైబర్ టవర్స్ ప్రారంభమైంది ఇంకా ముప్పై అయిదేళ్లకు, 1998లో.

నవంబరు 22న బృందం టర్కీ రాజధాని అంకారాలో ఉండగా కెన్నెడీ హత్య వార్త వచ్చింది. పర్యటన అర్ధంతరంగా ముగిసింది.

ఈ ప్రయాణ ఫలితం ఫార్ ఈస్ట్ సూట్ అనే కృతి. వెంటనే రాసి ఉంటే సితారు, తబలాలను పైపైన అనుకరించడమే అయ్యేది. అలా చేయకుండా విన్నదాన్ని నెమ్మదిగా ఇంకనిచ్చి, 1966 డిసెంబరులో రికార్డు చేశారు. అందులో ఒక భాగం ఢిల్లీలో విన్న గోరువంక మీద. జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ ఆ పక్షి కూతను పట్టుకుంటుంది. మరొక భాగం పేరు ఆగ్రా. అది తాజ్‌మహల్ కోసం. బారిటోన్ శాక్సఫోన్ మీద హ్యారీ కార్నీ వాయించాడు. మన గోరువంకను, మన ఆగ్రాను వాళ్లు ఎలా విన్నారో తెలుసుకోవాలంటే ఈ రికార్డు వినాలి.

చివరి దశ

1965లో పులిట్జర్ బహుమతి సంగీత న్యాయనిర్ణేతలు ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వాలని సిఫారసు చేశారు. పైబోర్డు తిరస్కరించింది. నిరసనగా ఇద్దరు న్యాయనిర్ణేతలు రాజీనామా చేశారు. ఎలింగ్టన్ నొచ్చుకున్నా నవ్వుతూనే తీసుకున్నారు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్‌లో తొలి భక్తి సంగీత కచేరీ చేశారు. అలాంటివి మరి రెండు రచించారు.

1967 మే 31న స్ట్రేహార్న్ కాన్సరుతో మరణించాడు. నెలల తరబడి ఎలింగ్టన్ తేరుకోలేదు. తర్వాత మిత్రుని రచనలతోనే ఒక రికార్డు చేశారు. అందరూ వాయిద్యాలు సర్దుకుంటుండగా ఎలింగ్టన్ ఒక్కరే పియానో దగ్గర కూర్చుని స్ట్రేహార్న్ పాట లోటస్ బ్లాసమ్ వాయించారు. వెనుక మాటలు, సామాను చప్పుడు కూడా ఆ రికార్డులో వినిపిస్తాయి.

1969 ఏప్రిల్ 29న, డెబ్భయ్యవ పుట్టినరోజు నాడు, అధ్యక్షుడు నిక్సన్ వైట్‌హౌస్‌లో ఆయనకు దేశపు అత్యున్నత పౌర పతకాన్ని ఇచ్చారు. తండ్రి విందు పనికి వెళ్లిన భవనంలో కుమారునికి విందు జరిగింది.

ఊపిరితిత్తుల కాన్సరు పట్టుకున్నా 1973 అక్టోబరులో లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మూడవ భక్తి కచేరీ జరిపించారు. 1974 మే 24న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అంత్యక్రియలకు 12,000 మందికి పైగా వచ్చారు. అంతకు తొమ్మిది రోజుల ముందే లండన్‌లో గాన్సాల్వెస్ మరణించాడు. అక్టోబరులో హ్యారీ కార్నీ వెళ్లిపోయాడు. 33 ఏళ్ల సర్వీసుకు పూర్తి పెన్షను లెక్కగట్టిన తరం మనది. కార్నీ సర్వీసు 47 ఏళ్లు, ఒకే బ్యాండులో. అందులో చాలా ఏళ్లు ఊరి నుంచి ఊరికి తన కారులో ఎలింగ్టన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తానే నడిపించాడు.

మళ్లీ విడుదలైన రికార్డులు

మామూలుగా జీవితచరిత్ర ఇక్కడ ముగియాలి. ఎలింగ్టన్ విషయంలో ముఖ్యమైన భాగం ఇక్కడే మొదలైంది.

కంపెనీ పిలిచినా పిలవకపోయినా ఆయన సొంత డబ్బుతో స్టూడియో తీసుకుని బృందం చేత వాయించి టేపులు దాచేవారు. వాటిని తర్వాత మెర్సర్ డెన్మార్క్ రేడియోకు అప్పగించారు. వాటి నుంచి 1980లలో పది డిస్కుల సంపుటి వెలువడింది. రాణి గారి కోసం 1959లో చేసిన కృతికి ఒకే ఒక ప్రతి ముద్రించి ఆమెకు పంపారు. అది 1976లో ప్రజలకు అందింది. 1943లో విమర్శకులు తోసిపుచ్చిన కార్నెగీ హాల్ కచేరీ 1977లో మొదటిసారి పూర్తిగా విడుదలైంది. ముప్పై నాలుగేళ్ల తర్వాత విన్న తరం ఆ రచన విలువను గుర్తించింది.

మన వారికి మరీ నచ్చే ముచ్చట ఒకటి. 1940 నవంబరు 7న నార్త్ డకోటా రాష్ట్రం ఫార్గో పట్టణంలో ఎలింగ్టన్ డ్యాన్సు కచేరీ జరిగింది. జాక్ టవర్స్, డిక్ బర్రిస్ అనే ఇద్దరు యువకులు అనుమతి తీసుకుని, మోసుకుపోయే యంత్రంతో ఆ రాత్రంతా డిస్కుల మీద ముద్రించారు. టవర్స్ తర్వాత అమెరికా వ్యవసాయ శాఖ రేడియో విభాగంలో ఉద్యోగం చేశాడు. పదవీ విరమణ చేశాక పాత రికార్డుల గీతలు, గరగరలు తొలగించి బాగుచేయడమే పనిగా పెట్టుకున్నాడు. ఫార్గో కచేరీ 1978లో విడుదలై గ్రామీ బహుమతి పొందింది. రిటైరైన ఒక ప్రభుత్వోద్యోగి ఓపిక వల్ల ఆ రాత్రి మనకు మిగిలింది.

ఇక న్యూపోర్ట్ సంగతి. ఆ రాత్రి గాన్సాల్వెస్ కొలంబియా కంపెనీ మైకు ముందు కాక, పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు వాయించాడు. కంపెనీ టేపులో అతని వాద్యం ఎక్కడో దూరాన వినిపించింది. పైగా ఉత్సవం కోసం రాసిన కొత్త కృతి సాధన చాలక సరిగా కుదరలేదని ఎలింగ్టన్ అభిప్రాయం. అందువల్ల రెండు రోజుల తర్వాత స్టూడియోలో కొన్ని భాగాలు తిరిగి వాయించి, చప్పట్లు అతికించి ఎల్పీ తయారుచేశారు. ఎందరో ఇళ్లలో న్యూపోర్ట్ కచేరీ అనుకుని విన్నదానిలో చాలా భాగం స్టూడియో పని. గాన్సాల్వెస్ జీవితంలోని గొప్ప రాత్రి మసకగానే మిగిలింది.

1990లలో వాయిస్ ఆఫ్ అమెరికా టేపు దొరికింది. రెండు టేపులను క్షణం తప్పకుండా జతచేసి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి వినిపించేలా అమర్చారు. 1999లో రెండు సీడీలుగా పూర్తి కచేరీ వెలువడింది. అందులో గాన్సాల్వెస్ ఎదురుగా నిలబడి వాయించినట్లు వినిపిస్తాడు. అతడు పోయి అప్పటికి పాతికేళ్లు. బకాయి ఆలస్యంగానే అయినా పూర్తిగా చెల్లింది.

అదే 1999 శతజయంతి సంవత్సరం. ఆర్‌సీఏ కంపెనీ 24 సీడీల సంపుటి తెచ్చింది. 1965లో నిరాకరించిన పులిట్జర్ వారు ప్రత్యేక పురస్కారం ప్రకటించారు. 2009లో అమెరికా ప్రభుత్వం వాషింగ్టన్ నగరం పేరిట విడుదల చేసిన పావు డాలరు నాణెం మీద పియానో దగ్గర ఎలింగ్టన్ బొమ్మ ఉంది.

ఈ పునర్విడుదలల వల్ల పెద్దాయనకు కీర్తి పెరగడం ఒక్కటే కాదు. పాత ఎల్పీ అట్ట మీద పెద్ద అక్షరాలలో ఒక్క పేరే ఉండేది. కొత్త సంపుటాలతో వచ్చే పుస్తకాలలో ఏ తేదీన, ఏ ఊరిలో, ఏ పాటకు ఎవరు ఏ వాయిద్యం వాయించారో, స్వరం ఎవరిదో వివరంగా ఉంటుంది. ఒకరకంగా అది బ్యాండు వారి సర్వీసు రిజిస్టరు. స్ట్రేహార్న్ రచనలేవో, ఎలింగ్టన్ రచనలేవో పరిశోధకులు చేతిరాత ప్రతులతో పోల్చి విడదీశారు. ఎలింగ్టన్ కాగితాలు, స్వరప్రతులు 1988లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరడం ఇందుకు తోడ్పడింది. ఈ లెక్కలన్నీ తేలాక ఎలింగ్టన్ చిన్నబోలేదు. ఆయన చుట్టూ ఉన్నవారు పెద్దవారయ్యారు.

మన ఇళ్లలో కూడా అటకల మీద పాత రికార్డులు, ఆకాశవాణి నుంచి పట్టుకున్న టేపులు, ఊరి రామాలయం కచేరీల క్యాసెట్లు ఉంటాయి. పాడినవారి పేరు అట్ట మీద ఉంటుంది. వయొలిన్, మృదంగం ఎవరు వాయించారో, ఏ ఏడో తెలిసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. హైటెక్ సిటీలో పనిచేసే మనవలకు వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం సెలవు రోజు పని. వారికి తెలియనివి ఆ పేర్లు. క్యాసెట్టు ఇచ్చేముందు ఒక కాగితం మీద గుర్తున్న పేర్లు, ఊరు, సంవత్సరం రాసి జతచేయవలసిందిగా సభ్యులకు మనవి.